సన్‌రూఫ్ మొరాయించింది.. ఇంజినీరుకు ఒక్క ప్రశ్నా తట్టలేదు!

పోయినేడాది జులైలో ఓ ఆదివారం సాయంత్రం మా మావయ్య ఫోన్ చేశాడు. ‘కోడలు పిల్లా, కారు పైన అద్దం సగం తెరుచుకుని ఆగిపోయిందే. ఎంత నొక్కినా మూసుకోవట్లేదు. అవతల మబ్బు కమ్ముకొస్తోంది. నువ్వు ఇంజినీరువి కదా, ఒక్కసారి వచ్చి చూడవే’ అన్నాడు. విజయవాడ పటమటలో వాళ్లిల్లు. నేనూ ఊళ్లోనే ఉన్నా కాబట్టి పది నిమిషాల్లో వెళ్లా. ఇంటి ముందు వేపచెట్టు కింద కారు, దాని పైకప్పులో సగం తెరిచిన అద్దం. మావయ్య, అత్తయ్య, వాళ్లబ్బాయి, ఎదురింటాయన.. నలుగురూ నా చేతుల వంకే చూస్తున్నారు.

నేను చదివింది ట్రిపుల్ ఈ. సన్‌రూఫ్‌ను నడిపేది చిన్న డీసీ మోటార్. డీసీ మోటార్ మీద నేను రాసిన పరీక్షలు, నింపిన రికార్డులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ కారు కప్పు దాకా వస్తాయి. అయినా ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పనేంటో తెలుసా? మావయ్య నొక్కిన బటన్నే నేనూ నొక్కా. ఓ ఇరవైసార్లు. తర్వాత ఫోన్ తీసి వీడియోలు వెతికా.

ఓ వీడియోలో ‘ముందు ఫ్యూజు చూడండి’ అన్నారు. చూస్తే నిజంగానే కాలిపోయి ఉంది. ప్రాణం లేచొచ్చింది. తప్పు దొరికిపోయింది, ఇంక అయిపోయినట్టే అనుకున్నా. అది 20 ఆంపియర్ల ఫ్యూజు. డబ్బాలో స్పేరుగా 30 ఆంపియర్లది ఒక్కటే ఉంది. ‘ఇంకా గట్టిది, మంచిదేగా’ అని మావయ్య అన్నాడు. నేనూ తలూపి పెట్టేశా. బటన్ నొక్కితే అద్దం అంగుళం కదిలి, ‘గుర్‌ర్’మని మూలిగి ఆగింది. వదిలి మళ్లీ నొక్కా. వదిలి మళ్లీ. ఐదారుసార్లయ్యాక పైనుంచి ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. అప్పుడుగానీ చెయ్యి తీయలేదు.

ఆ రాత్రి కారు మీద పట్టా కప్పి, నాలుగు తలుపుల్లోంచి తాడు బిగించి కట్టాం. పదకొండింటికి వాన మొదలైంది. తెల్లారి చూస్తే ముందు సీట్లు తడిశాయి, కాళ్ల దగ్గర మ్యాట్‌ కింద నీళ్లు నిలిచాయి.

సోమవారం సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బటన్ ఒకసారి నొక్కి చూసి, ‘అసెంబ్లీ మొత్తం మార్చాలండీ’ అన్నారు. అద్దం, పట్టాలు, మోటార్ అన్నీ కలిపి ఒకే భాగంగా వస్తాయట. 58 వేల రూపాయలు. వారంటీ అప్పటికే దాటిపోయింది. మావయ్య ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ అంకె వినగానే ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదది. ‘నీకేమైనా తెలుసా ఇందులో?’ అని అడిగినట్టుంది. నాకేం తెలియదు. అసలు ఏం అడగాలో కూడా తెలియదు.

ఈ కథంతా మీకెందుకంటే, ఇప్పుడు మీలో చాలామంది రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రాసుకుంటున్నారు. నేనూ రాశా. 2019లో డిగ్రీ చేతికొచ్చాక వెళ్లిన ఓ మెయింటెనెన్స్ ఇంజినీరు ఇంటర్వ్యూలో ఆ లైను మీద వేలు పెట్టి ఒకాయన అడిగాడు. ‘మా దగ్గర మోటార్ ఒకటి తిరగట్లేదు. నీ చేతిలో మల్టీమీటర్ ఉంది. మొదట ఎక్కడ పెడతావ్?’ నేను ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం చెప్పడం మొదలెట్టా. ఆయన మర్యాదగా చివరిదాకా విన్నాడు. ‘అది మోటార్ తిరిగినప్పుడు సంగతి కదమ్మా’ అన్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. అప్పట్లో ప్రశ్న సిలబస్‌లో లేదని నా ఫ్రెండ్స్ దగ్గర చాలా రోజులు గొణిగా. ఇప్పుడు ఆలోచిస్తే, అంతకన్నా న్యాయమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఆటోనగర్‌లో నలభై నిమిషాలు

మంగళవారం కారును జవహర్ ఆటోనగర్‌కు తోలుకెళ్లాం. లారీలు, బస్సుల బాడీల దగ్గర్నుంచి నట్టు దాకా దొరికే చోటది. అక్కడో ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అందరూ బాబాయ్ అంటారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పనిముట్టేదీ ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని మావయ్యను అడగడం మొదలుపెట్టాడు.

‘ఎప్పుడాగిందండీ? తెరుస్తుంటేనా, మూస్తుంటేనా? అంతకుముందు బానే నడిచేదా, నెమ్మదించిందా? చప్పుడేమన్నా వచ్చేదా? ఈమధ్య బ్యాటరీ ఏమన్నా మార్చారా? బండి ఎక్కడ పెడతారు?’

ఈ ఆరు ప్రశ్నల్లో ఒక్కటీ నేను అడగలేదు. సర్వీస్ సెంటర్లోనూ అడగలేదు. మావయ్య గుర్తు తెచ్చుకుని చెప్పాడు. నెలరోజులుగా మూసుకునేటప్పుడు కిర్రుమంటోందట, కుడివైపు కొంచెం వెనకబడి వస్తోందట. బ్యాటరీ మార్చలేదు. బండి పెట్టేది వేపచెట్టు కిందే. బాబాయ్ ఆ మాట విని పైకి చూసి నవ్వాడు. సగం సంగతి ఆయనకు అప్పటికే తెలిసిపోయినట్టుంది.

అయినా ఊహతో ఆగలేదు. దాన్ని రుజువు చేసుకునే తీరు చూసి నాకు మతిపోయింది. ఇంజిన్ స్టార్ట్ చేయించి, ‘ఇప్పుడు నొక్కండి’ అని కప్పుకు చెవి ఆనించాడు. మూలుగు వినిపించింది. ‘కరెంటు వెళ్తోంది, మోటార్ లేవాలనే చూస్తోంది, బరువు లాగలేకపోతోంది’ అన్నాడు. ముందున్న లైటు పెట్టె ఊడదీసి మోటార్‌ను విప్పాడు. మోటార్‌కు, అద్దాన్ని లాగే తీగలకు సంబంధం తెగిపోయింది. ఇప్పుడు బటన్ నొక్కితే మోటార్ హాయిగా తిరిగింది. ఆంపియర్లు చూస్తే రెండు మూడు దాటలేదు. తర్వాత అద్దాన్ని చేత్తో తోశాడు. ఎడమవైపు జారుతోంది, కుడివైపు బిగుసుకుపోయింది. అంతే. మోటార్ మంచిదే, వైరింగ్ మంచిదే, తప్పు కుడి పట్టాలో ఉంది.

వేపపూత, ఆకుల ఈనెలు, రోడ్డు దుమ్ము పాత గ్రీజులో కలిసి ఆ పట్టా నిండా నల్లటి ముద్దలా గట్టిపడ్డాయి. దాన్ని గీకి, గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పల్చగా రాశాడు. ఇంజిన్ ఆయిలో, కొబ్బరినూనో పోస్తే నాలుగు రోజులు బాగా జారి, తర్వాత దుమ్మును ఇంకా గట్టిగా పట్టుకుంటుందట. అద్దాన్ని రెండువైపులా సరిగ్గా మూసిన స్థానానికి తెచ్చి మోటార్ బిగించాడు. ఫ్యూజు పెట్టబోతూ ఆగి, పెట్టెలో ఉన్న 30ది బయటికి తీసి నాకు చూపించాడు.

‘ఇదెవరు పెట్టారు?’

‘నేనే బాబాయ్.’

‘ఏం చదివావమ్మా?’

చెప్పా. ఆయనేమీ అనలేదు. మోటార్ సాకెట్ దగ్గర రెండు వైర్లు చూపించాడు. పైతొడుగు మెత్తబడి ఒకదానికొకటి అంటుకోబోతున్నాయి. నేను ఇంకో నాలుగుసార్లు నొక్కి ఉంటే కప్పు లోపలి గుడ్డకు నిప్పంటుకునేదేమో. ఆ ముక్క కోసి కొత్త వైరు వేసి, 20 ఆంపియర్లదే పెట్టాడు. మొత్తం బిల్లు 1,800 రూపాయలు. అందులో వైరు, సాకెట్ తాలూకు 450 నా పుణ్యమే.

ఆ పెట్టె లోపల ఏముంది?

ఇక్కడ కాస్త ఆగి విషయం చెప్పుకోవాలి. ఎందుకంటే వింత మనకు తెలియకపోవడం కాదు, తెలిసింది వాడుకోకపోవడం. సన్‌రూఫ్‌లో ఉన్న ప్రతి ముక్కా మన పుస్తకాల్లో ఉంది. ముందుభాగంలో లైట్ల పక్కన డీసీ మోటార్ ఉంటుంది. దాని కొసన చిన్న పళ్లచక్రం. ఆ చక్రం రెండు గట్టి తీగల్ని ఒకేసారి తోస్తుంది, లాగుతుంది. ఒకటి కుడి పట్టాలో, ఒకటి ఎడమ పట్టాలో. అందుకే ఒక పక్క బిగుసుకుంటే అద్దం ఐమూలగా తిరిగి ఇరుక్కుంటుంది. మోటార్‌కు ఇచ్చే ప్లస్, మైనస్ తారుమారు చేస్తే అటు తిరిగేది ఇటు తిరుగుతుంది. ఇది ఫస్టియర్‌లోనే చదివాం.

ఇప్పటి కార్లలో మనం నొక్కే బటన్ మోటార్‌కు నేరుగా కరెంటు పంపదు. పక్కనున్న కంట్రోల్ మాడ్యూల్‌కు ‘మూయి’ అని కబురు పంపుతుంది, అంతే. చాలా మోడళ్లలో ఈ కబురు వెళ్లేది లిన్ బస్ అనే ఒంటి తీగ మీద. సెకనుకు గరిష్ఠంగా 20 కిలోబిట్ల వేగం, సన్‌రూఫ్‌కు అది చాలు. మోటార్ ఎన్ని చుట్లు తిరిగిందో హాల్ సెన్సర్ లెక్కపెడుతుంది. ఆ లెక్కను బట్టే అద్దం ఎక్కడుందో మాడ్యూల్‌కు తెలుస్తుంది. మూసుకుంటూ ఉండగా వేగం ఉన్నట్టుండి తగ్గిందంటే ఎవరి వేలో ఇరుక్కుందని భావించి వెనక్కి తెరుస్తుంది. ఇలాంటి అద్దాలు నొక్కే బలం 100 న్యూటన్లు దాటకూడదని ఐరాస వాహన నిబంధనల్లో ఉంది. హాల్ ఎఫెక్ట్ నిర్వచనం రెండు మార్కులకు నాకు నోటికొచ్చు. అది మా మావయ్య కారు కప్పులో కూర్చుని చుట్లు లెక్కపెడుతోందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇవి తెలిస్తే బాబాయ్ ప్రశ్నలన్నిటికీ కారణం తెలుస్తుంది. బ్యాటరీ మార్చారా అని ఎందుకడిగాడు? చాలా కార్లలో బ్యాటరీ తీగ ఊడదీస్తే మాడ్యూల్ ఆ చుట్ల లెక్క మరిచిపోతుంది. ఒక్క నొక్కుతో పూర్తిగా తెరుచుకోవడం మానేసి, కొంచెం కొంచెంగానే కదులుతుంది. అది చెడిపోవడం కాదు. బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, అద్దం పూర్తిగా ఒక ఆవర్తనం తిరిగేలా చేస్తే మళ్లీ నేర్చుకుంటుంది. ఎంతసేపు, ఏ వైపు అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంజిన్ ఎందుకు స్టార్ట్ చేయించాడు? నీరసించిన బ్యాటరీ ఇంజిన్ నడిచేటప్పుడు బయటపడదు. ఆగినప్పుడు నడవనిది స్టార్టయ్యాక నడిచిందంటే, సన్‌రూఫ్ జోలికి పోనక్కర్లేదు. చప్పుడు ఎందుకు విన్నాడు? పైన నిశ్శబ్దంగా ఉంటే ఫ్యూజు, వైరు, బటన్, మాడ్యూల్ వైపు చూడాలి. మూలిగి ఆగితే మోటార్, తీగలు, పట్టాల వైపు. ఒక్క చెవితో సగం కారును లెక్కలోంచి తీసేశాడు. మోటార్‌ను విడదీయడం కూడా అదే పని, మిగతా సగాన్ని మళ్లీ సగం చేయడం.

సీఎస్‌ఈ వాళ్లు దీన్ని వెంటనే గుర్తుపట్టాలి. బైనరీ సెర్చే కదా ఇది! బ్యాటరీ, ఫ్యూజు, వైరు, మాడ్యూల్, మోటార్, చక్రం, తీగ, పట్టా.. ఎనిమిది లింకుల గొలుసు. మధ్యలో ఒక్కో పరీక్ష పెట్టుకుంటూ పోతే మూడు పరీక్షల్లో చెడ్డ లింకు దొరుకుతుంది. నేనైతే వీడియోలో చెప్పిన మొదటి లింకు దగ్గరే ఆగిపోయా.

ఇంకోటి. బాబాయ్ కరెంటు చూడ్డానికి ముందు మీటర్ తీయలేదు, రెండు తీగలకు కట్టిన బల్బు తీశాడు. మీటర్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. సగం తెగి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటర్‌కు 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు వెలగాలంటే కరెంటు పారాలి, పారితే గుట్టు తెలుస్తుంది. లోడు మీద వోల్టేజి పడిపోవడం గురించి నేను లెక్కలు చేశా, పది మార్కులు తెచ్చుకున్నా. దాన్ని ఓ బల్బుతో చూడొచ్చని ఆటోనగర్‌లో తెలిసింది. మాడ్యూల్‌కు వెళ్లే సన్నటి సిగ్నల్ వైర్ల మీద మాత్రం ఆయనా బల్బు పెట్టలేదు, అక్కడ మీటరే. మీరు చేసినా అంతే. కప్పు అంచుల వెంట, స్తంభాల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. సాధారణంగా పసుపు రంగు సాకెట్లు వాటివే. వాటి దరిదాపులకు పోవద్దు, పైన గుడ్డ పీకొద్దు.

తిరిగొచ్చేముందు బాబాయ్ ఇంకో పని చేశాడు, అడక్కుండానే. సన్‌రూఫ్ ముందుమూల ఉన్న కాలువలో అర గ్లాసు నీళ్లు పోసి, కారు కింద చూడమన్నాడు. నీళ్లు రాలేదు. అసలు సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు. కొంచెం లోపలికి రావడం మామూలే. ఆ నీటిని మూలల్లోని సన్నటి గొట్టాలు స్తంభాల్లోంచి కిందికి దించుతాయి. గొట్టం పూడితే నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. అంటే మ్యాట్ కింద నీళ్లకు నేను ఆ రాత్రి వానను, మేం కట్టిన పట్టాను తిట్టుకున్నానుగానీ, తప్పులో వాటా పూడిన గొట్టానిది కూడా. గడ్డి కోసే మెషిన్లో వాడే నైలాన్ దారం నెమ్మదిగా దూర్చి శుభ్రం చేశాడు. గాలి గట్టిగా కొడితే గొట్టం లోపల అతుకు దగ్గర ఊడిపోతుందట, అప్పుడు కప్పంతా విప్పాలి.

ల్యాబ్‌లో తప్పు ఎక్కడుంది?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. నాలుగేళ్లలో మేం చేసిన ల్యాబుల్లో ఒక్కసారైనా చెడిపోయిన సర్క్యూట్ ఇచ్చి ‘కనుక్కోండి’ అనలేదు. స్విన్‌బర్న్ టెస్ట్, బ్రేక్ టెస్ట్.. అన్నీ బాగా నడిచే మెషిన్ల మీద. రీడింగ్ ఎంత రావాలో ముందే తెలుసు, సీనియర్ రికార్డులో ఉంది. రాకపోతే వచ్చినట్టు రాశాం. మెషిన్ నిజంగా మొరాయించిన రోజు ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి, మమ్మల్ని పక్కన నిలబెట్టి, బాగుచేసి వెళ్లేవాడు. ఆ సెమిస్టర్ మొత్తంలో నేర్చుకోదగ్గ గంట అదే. దాన్ని మేం క్యాంటీన్‌లో గడిపాం.

దీనికి ఖర్చు పెద్దగా అక్కర్లేదు. ల్యాబ్‌లో వారానికో బోర్డు మీద మాస్టారు ఒక వైరు వదులు చేసి, ఒక రిలే మార్చి పెట్టొచ్చు. ‘తప్పు కనుక్కో, ఏ క్రమంలో చూశావో రాయి’ అని మార్కులు వేయొచ్చు. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఈ తరహా అభ్యాసం మనకన్నా ఎక్కువ దొరుకుతుంది. బీటెక్ దగ్గరకొచ్చేసరికి అది ‘మెకానిక్ పని’ అయిపోతోంది. మా అమ్మే అంది, ‘లక్షలు పోసి చదివించింది ఆటోనగర్‌లో గ్రీజు పూసుకోవడానికా’ అని. అమ్మలకు ఆ భయం ఉండటంలో తప్పు లేదు. కానీ కంపెనీలు మనల్ని తీసుకునేదే ఆగిపోయినవాటిని నడిపించడానికి. ఫ్యాక్టరీలో లైన్ ఆగితే, సర్వర్ పడిపోతే, యాప్‌లో పేమెంట్ ఇరుక్కుంటే.. బాగా నడిచేవాటి దగ్గర మనకేం పని?

టయోటాలో ఉత్పత్తి విధానానికి రూపమిచ్చిన తైయిచి ఓనో 1978లో రాసిన పుస్తకంలో ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమని చెప్పాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ చదివినప్పుడు నాకు సిగ్గేసింది. అది కూడా ఫ్యూజు కథే. మెషిన్ ఎందుకాగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగ్‌కు నూనె సరిగ్గా అందలేదు. ఎందుకందలేదు? పంపు సరిగ్గా తోడట్లేదు. ఎందుకు? దాని ఇరుసు అరిగింది. ఎందుకరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. అడగడం మధ్యలో ఆపితే ఫ్యూజో పంపో మార్చి సరిపెట్టుకుంటాం, కొన్ని నెలల్లో మళ్లీ అదే మెషిన్ ఆగుతుందని ఆయన బాధ. నేను ఐదు కాదుకదా, ఒక్కటి కూడా పూర్తిగా అడగలేదు. పైగా పెద్ద ఫ్యూజు పెట్టా.

బాబాయ్‌ని ఆకాశానికెత్తి మన చదువును తీసిపారేయడం కూడా నాకిష్టం లేదు. అలాంటి వ్యాసాలు చాలా వస్తుంటాయి, చదివి చప్పట్లు కొట్టి మర్చిపోతాం. ఆయనే నాతో అన్నాడు. ‘ఈ బండి పాతది కాబట్టి అయిందమ్మా. కొత్తవాటికి స్కానర్ పెట్టాలి, అందులో వచ్చే కోడ్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, నాకు సగమే అర్థమవుతాయి’ అని. లిన్ తీగ మీద సిగ్నల్ సరిగ్గా ఉందా లేదా చెప్పాలంటే చెవి, బల్బు చాలవు. బి తో మొదలయ్యే కోడ్ వస్తే అది బాడీ సిస్టమ్‌దని, యూ తో మొదలైతే మాడ్యూళ్ల మధ్య మాటలు తెగాయని తెలియాలి. అక్కడ మన చదువు పనికొస్తుంది. ఆయన అడిగే తీరు, మనం చదివిన సంగతి ఒకే మనిషిలో ఉంటే ఆ మనిషికి పని దొరక్కపోవడం కష్టం.

సర్వీస్ సెంటర్ వాళ్లనూ పూర్తిగా దొంగల్ని చేయలేను. కుర్రాడికి రోజుకు ఇన్ని కార్లని లెక్క ఉంటుంది. భాగాలు విడిగా రాకపోతే గంటలు పెట్టి పట్టా గీకమని ఎవరూ చెప్పరు. పట్టా నిజంగా వంగిపోతే, తీగ పళ్లు అరిగిపోతే అసెంబ్లీ మార్చడమే సరైన పని కూడా. నా అభ్యంతరం ఒక్కటే. బటన్ ఒకసారి నొక్కి ఆ మాట చెప్పారు. ఆ కుర్రాడిది కూడా మనలాంటి చదువే అయ్యుంటుంది.

మన దగ్గర ఈ రంగం చిన్నదేం కాదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. డచ్ సంస్థ ఇనాల్ఫా, మన దేశానికి చెందిన గాబ్రియల్ ఇండియా కలిసి చెన్నై దగ్గర సన్‌రూఫ్‌లే తయారుచేస్తున్నాయి. ఇలాంటి చోట్ల క్వాలిటీ, వారంటీ విభాగాల్లో పనంతా వెనక్కి వచ్చిన వస్తువు ఎందుకు చెడిందో కనుక్కోవడమే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుని ఏడాది శిక్షణకు వెళ్లొచ్చు, స్టైపెండ్ ఇస్తారు. అవకాశం వస్తే డెస్కు పని కన్నా మెయింటెనెన్స్ అడగమంటాను నేను. స్టైపెండ్ చూసి చాలామంది ముఖం చిట్లిస్తారు. కోచింగ్‌కు మనం ఎదురు కట్టే ఫీజుతో పోల్చి చూడండి ఒకసారి.

అదీ కుదరకపోతే ఇంట్లోనే చెడిపోయింది ఏదైనా పట్టుకోండి. పాత సైకిల్ డైనమో, ఆడని రేడియో, చార్జ్ ఎక్కని ఎమర్జెన్సీ లైటు. ఇంటి కరెంటు 230 వోల్టులు, దాంతో ఆటలొద్దు, బ్యాటరీతో నడిచేవే తీసుకోండి. ఒక పేజీ మీద రాయండి. లక్షణం ఏంటి, ఏమనుకున్నారు, మొదట ఏం చూశారు, ఏం తేలింది, తర్వాత ఎటెళ్లారు. బాగుపడకపోయినా సరే రాయండి. ఎక్కడ తప్పుగా ఊహించారో దాచొద్దు. ఇంటర్వ్యూలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ అన్న లైను మీద ఎవరైనా వేలు పెడితే ఆ పేజీ తీసి ముందు పెట్టండి. నేను ఇప్పుడు పనిచేస్తున్న టెక్ సపోర్ట్ టీమ్‌లో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నన్నూ కూర్చోబెడతారు. ఇలాంటి పేజీ తెచ్చినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే. ఒకమ్మాయి తెచ్చింది వాళ్ల నాన్న పొలం దగ్గర పంపు స్టార్టర్ కథ. అందులో రెండు ఊహలు తప్పని తనే రాసింది. ఆ రెండింటి గురించే అరగంట మాట్లాడుకున్నాం. ఆమెను తీసుకున్నాం.

మావయ్య కారు ఇప్పటికీ వేపచెట్టు కిందే ఉంటుంది. వేరే చోటు లేదు. రెండు నెలలకోసారి పట్టాలు తుడుస్తున్నాడు. కాలువలో నీళ్లు పోసి కింద చూసే పని వాళ్లబ్బాయిది. ఆ వాన రాత్రి నా పక్కనే నిలబడి తాడు పట్టుకున్నవాడే, ఇప్పుడు డిప్లొమా రెండో ఏడు. మొన్న పొద్దున్నే వాడి దగ్గర్నుంచి మెసేజ్. ‘వదినా, హారన్ మోగట్లేదు. ఫ్యూజు బాగానే ఉంది. నొక్కితే రిలే టక్కుమంటోంది. హారన్ సాకెట్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయి, బల్బు పెట్టి కూడా చూశా, వెలిగింది. కానీ మైనస్ బ్యాటరీ నుంచి తీసుకుని చూశా. ఇప్పుడు హారన్ ఎర్తు చూడనా, హారన్ విప్పనా?’

ఎర్తు చూడు అని పెట్టా.